పుదీనా, సోపు, జీలకర్ర: ఇంట్లోనే చిక్కని ఆకుల పెరుగు



కుటుంబ పత్రికలో వంట సంగతులు సాధారణంగా అమ్మగార్లే వ్రాస్తారు. ఈ నెల ఒక సంఘ కాపరి ఎందుకు వ్రాస్తున్నాడా అని మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. కారణం ఉన్నది. ముందు మా ఇంటి సంగతి చెబుతాను. తరువాత పచ్చి కూరగాయల మీద పోసుకొనే చిక్కని ఆకుల పెరుగు ఎలా చేయాలో చెబుతాను. చివరిగా, ఆ గిన్నె ముందు కూర్చొని నేను నేర్చుకొన్న పాఠం చెబుతాను. గృహిణులు మాత్రమే గాక గృహయజమానులు కూడా చివరి వరకు చదవాలని నా మనవి.

డాక్టరు చెప్పిన మాట

2024 వేసవిలో నాకు తరచుగా తల తిరగడం మొదలయింది. పరిగి చుట్టుప్రక్కల పరిచర్య అంటే వేళకు భోజనం ఉండదు. పొద్దున దోమ వైపు ఒక ఇంట్లో ప్రార్థన, మధ్యాహ్నం కులకచర్ల వైపు రోగిని చూడడం, సాయంత్రం మళ్లీ పట్టణంలో కూడిక. ఎక్కడికి పోయినా ప్రేమతో అన్నం పెడతారు. పప్పు, తొక్కు, మిరపకాయ బజ్జీలు, మీదికి టీ. వద్దంటే నొచ్చుకొంటారు. అలా ఏళ్ల తరబడి తిన్నాను.

పరీక్ష చేయిస్తే రక్తపోటు 150/96 ఉన్నది. డాక్టరుగారు మందు వ్రాసి, రెండు మాటలు చెప్పారు. "అయ్యగారూ, రోజు మొత్తం మీద ఉప్పు ఒక టీస్పూను దాటకూడదు. అన్నం ముట్టక ముందు ఒక పళ్లెం పచ్చి కూరగాయలు తినాలి."

ఒక టీస్పూను ఉప్పు అంటే సుమారు 5 గ్రాములు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కూడా ఈ హద్దునే చెబుతున్నాయి. ఈ 5 గ్రాములలో కూరలో వేసేది, పచ్చడిలో ఉన్నది, అప్పడంలో ఉన్నది, బజార్లో కొన్న చిప్సులో ఉన్నది, అన్నీ కలిసే లెక్క.

ఉప్పు తగ్గించడం కష్టమే గాని చేయగలిగాను. పచ్చి కూరగాయల దగ్గర మాత్రం ఓడిపోయాను. మా ప్రాంతంలో వాటికి కొరత లేదు. చేవెళ్ల నుండి మన్నెగూడ మీదుగా పరిగి వచ్చే దారిలో క్యారెట్టు, టమాట, కొత్తిమీర పండించే రైతులు ఎందరో ఉన్నారు. అంగడిలో ఖీరా, క్యారెట్టు, ముల్లంగి కుప్పలుగా పోసి అమ్ముతారు. కాని ఉప్పుకారం లేని ఖీరా ముక్కలు రోజూ నమిలి మింగడమంటే నాకు శిక్షలాగే తోచింది. నాలుగు రోజులు తిన్నాను. అయిదవ రోజు పళ్లెం ప్రక్కకు జరిపాను.

సీసా వచ్చింది

ఇంటర్మీడియెట్ చదివే మా అబ్బాయి దానికొక ఉపాయం చెప్పాడు. "డాడీ, సలాడ్ ఉత్తగా ఎవరు తింటారు? దీంట్లో కలుపుకొని తినండి" అని ఒక మయోనైజ్ సీసా తెచ్చాడు. నిజంగానే రుచిగా ఉన్నది. వారం లోపలే సగం సీసా అయిపోయింది. క్యారెట్టు తింటున్నానని నేను సంతోషించాను. తింటున్నది అసలు ఏమిటో ఆలోచించలేదు.

ఒక రాత్రి కళ్లజోడు పెట్టుకొని సీసా మీది చిన్న అక్షరాలు చదివాను. పదార్థాల వరుసలో మొట్టమొదట ఉన్నది నూనె. ఆ వరుసలో ఎక్కువ బరువు ఉన్న పదార్థాన్ని ముందు వ్రాయాలని నియమం. మామూలు పద్ధతిలో చేసే మయోనైజ్‌లో మూడింట రెండు వంతులకు పైగా నూనే ఉంటుంది. ఒక గ్రాము క్రొవ్వుకు 9 కేలరీలు. కాబట్టి ఒక్క పెద్ద చెంచాకే దాదాపు 90 కేలరీలు అవుతాయి. పైగా ఉప్పు. డాక్టరుగారు ముందు వాకిలి నుండి వెళ్లగొట్టిన దానిని నేను పెరటి వాకిలి నుండి లోపలికి తెచ్చుకొన్నాను.

అదే సంవత్సరం అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిన్న పలువురు జబ్బుపడ్డారు, ఒక మహిళ చనిపోయారు. ఆ రోజుల్లోనే, అక్టోబరు 30న, పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని తెలంగాణ ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు ప్రభుత్వం కూడా అదే పని చేసింది. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి ఉండవచ్చు. చల్లగా ఉంచకుండా బండి మీద గంటల తరబడి పెడితే అది విపరీతంగా పెరుగుతుంది. నిషేధం పచ్చిగుడ్డు మయోనైజ్‌కే గాని, గుడ్డు లేకుండా చేసి సీలు వేసిన సీసాలకు కాదు. అయినా ఆ వార్త విన్నాక మా ఇంట్లో ఎవరికీ సీసా మూత తీయబుద్ధి కాలేదు.

పాత పచ్చడే కొత్త దారి

అప్పుడు మా సహధర్మచారిణి ఒక మాట అన్నది. "ఏమండీ, ఆ చిక్కదనం కోసమే గదా మీకు సీసా కావలసింది? పెరుగు నీళ్లు తీస్తే అంతకన్న చిక్కగా ఉంటుంది. చూస్తుండండి."

పెరుగు, కొత్తిమీర, పచ్చిమిరపకాయ మనకు కొత్త కాదు. పెరుగు పచ్చడి చేయని తెలుగు ఇల్లు ఉండదు. అయితే మామూలు పెరుగు పచ్చడి పలుచగా ఉంటుంది. ఖీరా ముక్కల మీద పోస్తే జారి పళ్లెం అడుగుకు చేరుతుంది. సలాడ్ మీద పోసేది ముక్కను పట్టుకొని ఉండాలి. పెరుగులోని నీటిని వడకట్టి తీసివేస్తే ఆ గుణం వస్తుంది. గ్రీసు దేశస్థులు కూడా వడకట్టిన పెరుగులో ఖీరా, వెల్లుల్లి కలిపి జాజికి అనే పేరుతో తింటారు.

ఇంకొక సంగతి. అమెరికాలో ఇప్పుడు సీసాలలో అమ్ముడుపోయే రాంచ్ డ్రెస్సింగ్ కూడా మజ్జిగతోనే మొదలయింది. స్టీవ్ హెన్సన్ అనే ఆయన 1950ల దశకంలో కాలిఫోర్నియాలో హిడెన్ వ్యాలీ అనే పేరుతో అతిథి గృహం నడిపాడు. అక్కడికి వచ్చిన వారికి మజ్జిగ, మయోనైజ్, ఎండిన ఆకులు, వెల్లుల్లి కలిపి సలాడ్ మీద పోసేవాడు. వారు ఆ రుచి మరిగి ఇంటికి కూడా అడగడంతో ఆకుల పొడిని పొట్లాలు కట్టి అమ్మాడు. 1972లో ఒక పెద్ద కంపెనీ ఆ వ్యాపారాన్ని కొన్నది. ఒకరి ఇంట్లో మజ్జిగతో పుట్టినది దుకాణపు సీసాగా మారి తిరిగి మన ఇళ్లకు వస్తున్నది. మజ్జిగ మన ఇంట్లోనే ఉన్నది గదా!

కావలసినవి (ఆరుగురికి)

తాజా పెరుగు అర లీటరు. రాత్రి తోడుపెట్టి పొద్దున తీసినదైతే మంచిది. పులిసిన పెరుగు వద్దు.
కొత్తిమీర చిన్న కట్ట 1.
పుదీనా ఆకులు కొత్తిమీరలో సగం.
సోయకూర దొరికితే 2 పెద్ద చెంచాల తరుగు. లేకపోయినా ఫరవాలేదు.
వేయించి పొట్టు తీసిన పల్లీలు 2 పెద్ద చెంచాలు.
వెల్లుల్లి రెబ్బ 1, పచ్చిమిరపకాయ 1.
దోరగా వేయించి పొడి చేసిన జీలకర్ర అర టీస్పూను.
ఉప్పు అర టీస్పూను, అంతకు మించకూడదు.
నిమ్మకాయ అర చెక్క.
పల్లీనూనె 1 టీస్పూను.

చేసే విధానం

1. శుభ్రమైన పలుచని నూలుగుడ్డలో పెరుగు పోసి మూట కట్టండి. దానిని జల్లెడలో పెట్టి, క్రింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వదలండి. మన ఎండాకాలంలో బయట వ్రేలాడదీస్తే పెరుగు పులిసిపోతుంది. ఫ్రిజ్ లేనివారు తెల్లవారుజామున, చల్లటి వేళ, రెండు గంటలు వ్రేలాడదీస్తే చాలు. క్రింద గిన్నెలో పడిన తేటను పారబోయకండి. చపాతి పిండి కలపడానికి, చారులో పోయడానికి పనికి వస్తుంది.

2. కొత్తిమీర, పుదీనా వేళ్లు తీసి, కట్ట విప్పి, పెద్ద గిన్నెడు నీళ్లలో ముంచి కదపండి. మట్టి అడుగుకు దిగుతుంది. నీళ్లు మార్చి మూడుసార్లు అలా చేసి, చివరికి ధారగా పడే నీటిక్రింద కడగండి. ఇవి ఉడకబెట్టకుండా తినే ఆకులు గనుక ఇక్కడ బద్ధకం పనికిరాదు.

3. కడిగిన ఆకులను గుడ్డ మీద పరచి తడి పూర్తిగా ఆరనివ్వండి. ఆకులో నీళ్లుంటే చేసినది పలుచనై, తొందరగా చెడిపోతుంది.

4. పల్లీలు, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ ముందుగా మిక్సీలో మెత్తగా చేయండి. తరువాత ఆకులు, నూనె, ఒక పెద్ద చెంచా పెరుగు వేసి మరొకసారి త్రిప్పండి. రోలు ఉన్నవారు రోట్లో నూరుకొంటే రుచి ఇంకా బాగుంటుంది.

5. మూటలోని గట్టి పెరుగును గిన్నెలోకి తీసి, కవ్వముతో గాని చెంచాతో గాని మెల్లగా గిలకొట్టండి. దీనిని మిక్సీలో వేయకండి. మిక్సీ వేగానికి పెరుగు కట్టు విడిపోయి నీళ్లవుతుంది. మేము మొదటిసారి చేసిన తప్పు ఇదే. ఆ రోజు సలాడ్ మానుకొని అందరం మజ్జిగ త్రాగాము.

6. నూరిన ఆకుల ముద్ద, జీలకర్ర పొడి, ఉప్పు పెరుగులో కలపండి. నిమ్మరసం మాత్రం వడ్డించే ముందు పిండండి. పులుపు ఎక్కువసేపు తగిలితే ఆకుపచ్చ రంగు మాసిపోతుంది.

7. ముక్కల మీద తినే సమయానికే పోయండి. ఉప్పు ఖీరా ముక్కల్లోని నీటిని బయటికి లాగుతుంది. ముందే కలిపి పెడితే పళ్లెం నిండా నీళ్లే మిగులుతాయి.

మూత గట్టిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు నిలుస్తుంది. మూడవ రోజుకు ఉంచకండి. కొంచెం కొంచెంగా చేసుకోవడమే మంచిది.

అర టీస్పూను ఉప్పు ఆరుగురికి పంచితే ఒక్కొక్కరికి అర గ్రాము కూడా రాదు. అయినా చప్పగా అనిపించదు. నిమ్మ పులుపు, జీలకర్ర వాసన, పుదీనా చలువ, మిరప ఘాటు నాలుకను ఉప్పు అడుగనివ్వవు. ఒక్కొక్కరి వంతుకు సుమారు 70 కేలరీలు వస్తాయి. నూనె పూర్తిగా మానాలని అనుకోకండి. క్యారెట్టులో ఉండి మన ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం వంటబట్టడానికి కొద్దిపాటి క్రొవ్వు అవసరం. పల్లీలు, పెరుగు, ఆ టీస్పూను నూనె కలిసి ఆ పని చేస్తాయి.

పల్లీలు పడనివారు వేయించిన నువ్వులు వాడుకోవచ్చు. చిన్నపిల్లలకు మిరపకాయ మాని, క్యారెట్టు ముక్కలు పొడవుగా కోసి ముంచుకొని తినమంటే ఆటగా తింటారు. జొన్న రొట్టె ప్రక్కన కూడా ఇది బాగుంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం కూరగాయల సంగతి డాక్టరును అడిగే తినాలి.

పుదీనాలో పదియవ వంతు

ఈ గిన్నె మా భోజనబల్ల మీదికి వచ్చిన తరువాత నేను మారిపోయాను. రోజూ పళ్లెం నిండా కూరగాయలు తిన్నాను. చెంచాతో ఉప్పు కొలిపించాను. ఒక పుస్తకంలో తేదీ, రక్తపోటు వ్రాసుకొన్నాను. రెండు నెలల్లో మందుతో పాటు ఈ క్రమం కూడా తోడయి 136/88 కి వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురికి ఆ అంకెలు చెప్పి సంతోషించేవాడిని.

2025లో శ్రమదినాలకు ముందు మా స్త్రీల సమాజంవారు ఆలయ ఆవరణలో ఉచిత వైద్యశిబిరం పెట్టించారు. పల్లెల నుండి చాలామంది వచ్చారు. మా ఇంటావిడ పొద్దుటి నుండి వచ్చినవారికి టీ అందిస్తూ, ముసలివారిని వరుసలో కూర్చోబెడుతూ తిరిగింది. సాయంత్రం అంతా సర్దుకొంటుండగా నర్సమ్మ ఆమె చేయి పట్టి, "అమ్మగారూ, మీరు చూపించుకోలేదు గదా" అని కూర్చోబెట్టింది.

170/104.

నర్సమ్మ రెండవసారి చూసింది. అంతే ఉన్నది. "అయ్యగారికి ఎంత ఉంటుందమ్మా?" అని అడిగింది. మా ఇంటావిడ తడుముకోకుండా నా అంకెలు చెప్పింది. గత వారంవి, అంతకు ముందు వారంవి కూడా చెప్పింది. నేను ప్రక్కనే నిలబడి ఉన్నాను. ఆమె అంకె ఎంతో ఆ రోజు వరకు నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు.

ఆ రాత్రి ఆలోచిస్తే ఒక్కొక్కటి కండ్లముందు నిలిచింది. ఆకులు గిల్లేది ఆమె, కడిగేది ఆమె, పెరుగు మూట కట్టేది ఆమె. చేసిన సలాడ్ ఒక్క పళ్లెమే, అది నాది. అందరికీ వడ్డించాక ఆమె ఆఖరున కూర్చొని, మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకొని తినేది. ఆ తొక్కులో ఎంత ఉప్పు ఉన్నదో నేను ఎన్నడూ కొలువలేదు. పళ్లెంలో అయిదారు ఖీరా ముక్కలు మిగిలితే అవి ఆమె వంతు.

మత్తయి సువార్త 23వ అధ్యాయం 23వ వచనం నేను ఎన్నోసార్లు బోధించినదే. పరిసయ్యులు పుదీనాలోను సోపులోను జీలకర్రలోను దశమభాగం లెక్కగా చెల్లిస్తారు గాని, న్యాయము, కనికరము, విశ్వాసము అనే ముఖ్యమైన వాటిని విడిచిపెడతారని ప్రభువు అక్కడ గద్దిస్తాడు. మన తెలుగు బైబిలులో సోపు అని ఉన్నచోట గ్రీకు మూలంలో ఉన్నది అనేథోన్ అనే మాట. అంటే మన అంగడిలో అమ్మే సోయకూర. వేదాంత కళాశాలలో ఇది నేర్చుకొని ప్రసంగాలలో చెప్పేవాడిని. ఆ మూడూ నా గిన్నెలోనే కలిసి ఉండగా, ఆ మాట నాకే తగులుతుందని మాత్రం గ్రహించలేదు. ఆకుల లెక్క తప్పకుండా చూసుకొన్నాను. ఆకులు గిల్లే చేతిని చూడలేదు.

అయితే ప్రభువు చిన్న లెక్కను విడిచిపెట్టమనలేదు. వాటిని మానక వీటిని కూడా చేయవలసిందని చెప్పాడు. కాబట్టి మేము ఉప్పు కొలవడం మానలేదు. కొలత ఇంట్లో అందరికీ ఒకటయింది. ఇప్పుడు మా ఇంట్లో పెరుగు మూట కట్టడం నా పని. ఆకులు కడగడం అబ్బాయి పని. నూరడం మాత్రం ఆమె మాకు వదలదు, "మీకు పాకం తెలియదు" అంటుంది. పెద్ద గిన్నె బల్ల మధ్యలో పెట్టి, అందరం కూర్చున్న తరువాతనే ప్రార్థన చేస్తాము. ఆమె కూర్చోనిదే ఎవరమూ ముద్ద ముట్టము. తొక్కు సీసా పై అరకు ఎక్కింది, ఆదివారం మాత్రమే దిగుతుంది.

ఆమె డాక్టరుగారు ఇచ్చిన మాత్ర రోజూ వేసుకొంటున్నది. మొన్న చూపిస్తే 134/86 ఉన్నది. పెరుగు, ఆకులు రక్తపోటుకు మందు అని నేను చెప్పడం లేదు. ఎవరూ దీనిని నమ్ముకొని మాత్రలు మానకూడదు. ఉప్పు, నూనె తగ్గించి కూరగాయలు ఎక్కువ తినడానికి ఇది ఒక రుచికరమైన దారి, అంతే.

సహోదరులారా, ఈ నెల మీ ఇంట్లో ఈ ఆకుల పెరుగు చేయండి. చేయించుకోవద్దు, చేయండి. పెరుగు మూట కట్టడానికి పెద్ద విద్య అవసరం లేదు. మూటలోని నీళ్లు దిగే ఆ మూడు గంటలలో ఒక పని ఉన్నది. మీ ఇంట్లో ఆఖరున తినేవారు ఎవరో వారిని వెంటబెట్టుకొని దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. రక్తపోటు చూపించి, ఆ అంకె మీరే ఒక కాగితం మీద వ్రాసుకొనండి. ఇంటికి వచ్చేసరికి పెరుగు చిక్కబడి ఉంటుంది.